అటక మీద దొరికిన త్రీ నాట్ త్రీ: సైన్యం వాడిన రైఫిల్ మామూలు మనిషి ఉంచుకోవచ్చా?

మీరు అడిగినవి మూడు. పెదతాతగారు బ్రిటిష్ వాళ్ల సైన్యంలో పనిచేశారు, అటక మీద ఆయన ట్రంకు పెట్టెలో పాత రైఫిల్ ఒకటి దొరికింది, చూసినవాళ్లు త్రీ నాట్ త్రీ అంటున్నారు, ఉంచుకోవచ్చా అన్నది మొదటిది. అమెరికాలో సైన్యం వాడి పక్కన పెట్టిన రైఫిళ్లను జనం మామూలుగా కొనుక్కుంటారు కదా, మనకెందుకు కుదరదు అన్నది రెండోది. ఆర్మీలో రిటైరైన బాబాయిగారి పేరు మీద పెట్టుకుంటే సరిపోతుందా అన్నది మూడోది. ఆయుధ లైసెన్సుల ఫైళ్లు చూడటం నా వృత్తి, పాత రైఫిళ్లంటే నాకు పిచ్చి. అందుకని జవాబు కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు అసలు సంగతి. అది నిజంగా త్రీ నాట్ త్రీ, అంటే గొట్టం లోపలి కొలత (బోర్) .303 అంగుళం అయి, పనిచేసే స్థితిలో ఉంటే, ఉంచుకోకూడదు. లైసెన్సు తెచ్చుకుంటాలెండి అనుకున్నా మామూలు లైసెన్సు దానికి పనికిరాదు. మన చట్టం లెక్కలో అది ప్రొహిబిటెడ్ బోర్, అంటే నిషిద్ధ ఆయుధం. కలెక్టరు గానీ పోలీస్ కమిషనరు గానీ ఇచ్చే లైసెన్సు నాన్ ప్రొహిబిటెడ్ బోర్‌కే చెల్లుతుంది. నిషిద్ధ ఆయుధానికి అనుమతి ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వం దగ్గర పుట్టాలి. ఆ అనుమతి లేకుండా దగ్గర ఉంచుకుంటే, 2019 సవరణ తర్వాత చట్టం రాసిన శిక్ష ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్లు. అంతకుముందు అది ఐదు నుంచి పదేళ్లు ఉండేది.

ఇంకో మాట. ఇంట్లో ఆయుధం ఉందని తెలియకపోవడం వేరు, తెలిసి ఉంచుకోవడం వేరు. ఈ తేడాని సుప్రీంకోర్టు చాలా కేసుల్లో స్పష్టంగా చెప్పింది. విమానాశ్రయంలో బ్యాగు అడుగున మర్చిపోయిన తూటా దొరికినవాళ్లు కొందరు బయటపడుతున్నది ఆ తేడా వల్లే. అటక ఎక్కేదాకా మీకు తెలియదు. ఇప్పుడు తెలుసు, పైగా నాకు రాతపూర్వకంగా చెప్పారు కూడా. కాబట్టి ఈ వ్యవహారాన్ని పండగ తర్వాత చూసుకుందాం అని వాయిదా వేయకండి.

ఇక ఎందుకు అన్నదానికి వద్దాం. సైన్యం వాడిన తుపాకీ కాబట్టి నిషేధం అనుకుంటారు చాలామంది. చట్టం అసలు ఆ ప్రశ్నే అడగదు. ఆ రైఫిల్ ఏ యుద్ధం చూసింది, ఎవరి భుజాన వేలాడింది, దానికి పట్టదు. ఏ దేశం చట్టం తీసుకున్నా ముఖ్యంగా చూసేవి మూడు: తుపాకీ ఎలా పేలుతుంది, అందులో ఏ తూటా పడుతుంది, ఎప్పుడు తయారైంది. ఒక్కో దేశం ఒక్కోదానికి పెద్దపీట వేసింది. మనం తూటాకి వేశాం. అందుకే ఒకే రైఫిల్ ఒక దేశంలో గోడకి తగిలించుకునే వస్తువు, ఇంకో దేశంలో బోనెక్కించే వస్తువు.

మన 1959 ఆయుధాల చట్టం రెండో సెక్షన్లో నిషిద్ధ ఆయుధం అంటే ఏమిటో ఉంది. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే వదిలేదాకా, లేదా మ్యాగజైన్ (తూటాల పెట్టె) ఖాళీ అయ్యేదాకా ఆగకుండా పేలేవన్నీ అందులోకి వస్తాయి. ఏకే-47, స్టెన్ గన్ లాంటివన్న మాట. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. తిరకాసు అంతా 2016 ఆయుధ నియమాల మొదటి షెడ్యూల్లో ఉంది. అక్కడ సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లను, అంటే ఒక్కో నొక్కుకి ఒక్క తూటా పేలి తర్వాతది దానంతటదే ఎక్కే రకాన్ని, నిషిద్ధ వర్గంలో పెట్టారు. ఆ తర్వాత, .303 లేదా 7.62 మి.మీ. బోర్ ఉన్న బోల్ట్ యాక్షన్ రైఫిళ్లను కూడా చేర్చారు. బోల్ట్ యాక్షన్ అంటే ఒక్కో తూటాకీ చేత్తో బోల్టు వెనక్కి లాగి ముందుకు తోయాల్సిన రకం. ఆ సర్వీసు (సైన్యం వాడే) తూటాలు పట్టి పేల్చగల రైఫిల్ వేరే ఏ బోర్‌దైనా అదే గతి. .410 మస్కెట్లు, .380, .455 అంచు తూటాలు (అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉన్నవి) పట్టే రివాల్వర్లు, సర్వీసు 9 మి.మీ. తూటాలు పట్టే పిస్టళ్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి.

ఈ జాబితా చదువుతుంటే పాత బ్రిటిష్ ఇండియా ఆయుధాగారం స్టాకు రిజిస్టరు చదివినట్టే ఉంటుంది. .455 ఆఫీసర్ల వెబ్లీ రివాల్వర్, .380 దాని తర్వాత వచ్చిన ఎన్‌ఫీల్డ్ రివాల్వర్, .303 జవాన్ల లీ ఎన్‌ఫీల్డ్. .410 మస్కెట్ మరీ విచిత్రం. లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌నే తీసుకుని, బ్యారెల్ లోపల గాడులు లేకుండా నున్నగా చేసి, ఒక్కసారికి ఒక్క తూటా మాత్రమే పెట్టేలా మార్చి పోలీసులకీ కాపలా డ్యూటీలకీ ఇచ్చేవాళ్లు. ఆ మస్కెట్లు ఇప్పుడు ఎక్కడున్నాయో గానీ, నియమాల్లో మాత్రం భద్రంగా ఉన్నాయి.

దీని వెనక ఆలోచన తేలికే. సైన్యం వాడే తూటా బయటివాడి తుపాకీలో పట్టకూడదు. అప్పుడు ఆయుధాగారం నుంచి తూటాలు దొంగదారిన బయటికొచ్చినా ఎవరికీ పనికిరావు. 1907లో .450 బోర్ వేట రైఫిళ్లను బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలో ఆపేసింది కూడా ఈ లెక్కతోనే. దొంగిలించిన పాత మార్టినీ హెన్రీ సైనిక రైఫిళ్లకి ఆ తూటాలు, గుళ్లు ఉపయోగపడతాయని భయం. దాంతో ఇంగ్లండులో తుపాకుల కంపెనీలు ఇండియా మార్కెట్ పోకుండా .470, .465 లాంటి కొత్త బోర్లు పుట్టించుకున్నాయి. నిషేధం వల్ల తుపాకులు తగ్గలేదు, బోర్ల సంఖ్య పెరిగింది.

.303కి బదులుగా జనానికి దక్కింది .315. పాతకాలం లైసెన్సుదారులు త్రీ ఫిఫ్టీన్ అంటారు. అది ఆస్ట్రియా హంగరీ సైన్యం వాడిన 8 మి.మీ. మాన్‌లికర్ తూటా నుంచి వచ్చింది. చూశారా, ఒక సైనిక తూటాను వద్దని ఇంకో సైనిక తూటాను చేతిలో పెట్టారు. మన సైన్యం వాడేది కానంతవరకు ఏ సైన్యం వాడినా అభ్యంతరం లేదు! ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ .315 స్పోర్టింగ్ రైఫిల్ని లీ ఎన్‌ఫీల్డ్ తరహా బోల్టుతోనే తయారుచేసి అమ్ముతూ వచ్చింది. తెలియనివాళ్లు దాన్ని చూసి త్రీ నాట్ త్రీ అనడం మామూలే. మీ పెట్టెలోది అలాంటిదైతే కథ పూర్తిగా మారిపోతుంది, అందుకే దీని గురించి ఇంత చెప్తున్నాను.

.30-06 సంగతి ఇంకా తమాషా. 1906లో అమెరికా సైన్యం తెచ్చుకున్న తూటా ఇది, రెండు ప్రపంచ యుద్ధాలూ దీంతోనే చేసింది. మన దగ్గర .30-06 బోల్ట్ యాక్షన్ రైఫిల్ నాన్ ప్రొహిబిటెడ్. మామూలు లైసెన్సు మీద కొనుక్కోవచ్చు, సర్కారు ఫ్యాక్టరీయే తయారుచేసింది కూడా. .303 కంటే దాని దెబ్బ ఎక్కువే గానీ తక్కువ కాదు. అంగుళంలో .30 వంతుని మిల్లీమీటర్లలోకి మార్చి చూడండి, సరిగ్గా 7.62 వస్తుంది. అంటే గొట్టం కొలత ఒకటే అయినా 7.62 పేరుతో ఉన్నది నిషిద్ధం, .30-06 పేరుతో ఉన్నది మామూలు ఆయుధం. వేటగాడు జిమ్ కార్బెట్ గారు మనుషుల్ని తినే చంపావత్ పులిని కొట్టినందుకు 1907లో బహుమతిగా అందుకున్న .275 రిగ్బీ కూడా ఇలాంటిదే. దాని తూటా అసలు పేరు 7×57 మాజర్. దక్షిణాఫ్రికాలో బోయర్లు (డచ్ సంతతి వలసదారులు) బ్రిటిష్ సైనికుల్ని కాల్చింది ఆ తూటాతోనే. అంగుళాల్లో పేరు మార్చుకుని షికారు తుపాకీ అయింది.

దీనికి తిరగేసిన ఉదాహరణ .308. విదేశాల్లో మామూలు వేట రైఫిల్. కానీ దాని చాంబర్‌లో (తూటా కూర్చునే చోట) 7.62 మి.మీ. సర్వీసు తూటా పడుతుంది కాబట్టి మన దగ్గర నిషిద్ధంలోకి వెళ్తుంది. విదేశాల నుంచి తిరిగొచ్చేవాళ్లు అది వేట తుపాకీయే కదా అని అడుగుతుంటారు. కదా అంటే కుదరదండీ, షెడ్యూల్ వేటనీ యుద్ధాన్నీ చూడదు.

నన్నడిగితే 1907లో ఈ లెక్కకి అర్థం ఉంది. ఇప్పుడు .303 విషయంలో లేదు. మన సైన్యం దాన్ని ఎప్పుడో వదిలేసి ఎస్‌ఎల్‌ఆర్ అనే 7.62 మి.మీ. సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కీ, అక్కడి నుంచి ఇన్సాస్ రైఫిల్‌కీ వెళ్లిపోయింది. పోలీసుల్లో చాలాకాలం మిగిలింది గానీ, ఉత్తరప్రదేశ్ పోలీసులు కూడా 2020 గణతంత్ర దినోత్సవ పెరేడ్‌తో దానికి వీడ్కోలు చెప్పేశారు. సైన్యం ఎప్పుడో మానేసిన తూటా దొంగతనం అవుతుందని ఎవరికి భయం? ఇంకోపక్క, పల్లెల్లో పట్టుబడే నాటు తుపాకుల్లో ఎన్నో .315 తూటా పట్టేలా చేసినవే, ఎందుకంటే బజారులో లైసెన్సు మీద దొరికేది ఆ తూటా. ఇది నా అభిప్రాయం మాత్రమే. రాతలో ఉన్నది మారేదాకా కోర్టులో నా అభిప్రాయానికి విలువ లేదు.

సరే, మీ పెట్టెలోది ఏమిటో తెలుసుకోవడం ఎలా? బోల్టు కదపకండి, ట్రిగ్గర్ జోలికి పోకండి, లోపల తూటా ఉందేమో చూద్దామని అసలు ప్రయత్నించకండి. లోడై ఉందనే అనుకోండి. ఉన్నచోటే ఉంచి కళ్లతో చూస్తే చాలు. లీ ఎన్‌ఫీల్డ్ అయితే బోల్టు పిడి కిందుగా, చెక్క బట్ మొదలయ్యే చోట కుడివైపు ఇనుప పట్టీ మీద ముద్రలు ఉంటాయి. పైన కిరీటం, దాని కింద రాజుగారి పేరు పొడి అక్షరాల్లో, తర్వాత ఫ్యాక్టరీ పేరు, సంవత్సరం. జీఆర్ఐ అని ఉండి కింద ఇషాపూర్ అని ఉంటే మన దేశంలో రాజుల కాలంలో తయారైంది. ఎన్‌ఫీల్డ్, బీఎస్ఏ అని ఉంటే ఇంగ్లండు, లిత్‌గో అని ఉంటే ఆస్ట్రేలియా. కిరీటం పోయి అశోక సింహాలు, ఆర్‌ఎఫ్‌ఐ (రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్) అని ఉంటే స్వాతంత్ర్యం తర్వాతది. అప్పుడు అది పెదతాతగారి సర్వీసు కాలానిది కాదు, ఇంటికి ఎలా వచ్చిందన్న ప్రశ్న వేరే వస్తుంది.

ఇంకో మూడు ఆనవాళ్లు. ముందు చెక్క చుట్టూ రాగి తీగ బిగుతుగా చుట్టి ఉంటే, గ్రెనేడ్లు విసరడానికి వాడిన రైఫిల్. ఆ దెబ్బకి చెక్క చీలిపోకుండా తీగ చుట్టేవాళ్లు. మ్యాగజైన్ పెట్టె కింద ఏటవాలుగా లేకుండా పలకగా, చదరంగా ఉంటే అది 7.62 మి.మీ. ఇషాపూర్ 2ఏ1 కావచ్చు, చైనా యుద్ధం తర్వాత 1960లలో తయారైన రకం. బట్ మీద గానీ బ్యారెల్ మీద గానీ డీపీ అని ఉంటే డ్రిల్ పర్పస్, అంటే కవాతు నేర్పడానికి కేటాయించినది. డీపీ అని ఉన్నంత మాత్రాన పేలదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

పాతదే కదా, వందేళ్లు దాటింది కదా అని మీరు అడగబోతున్నారని తెలుసు. అమెరికాలో 1898 నాటికి తయారైన తుపాకీని పురాతన వస్తువుగా ఫెడరల్ చట్టం వదిలేస్తుంది. బ్రిటన్లో వాడుకలో లేని పాత బోర్లకి ఒక జాబితా ఉంది, మార్టినీ హెన్రీ తూటా అందులో ఉంది, .303 మాత్రం లేదు. మన చట్టంలో 45వ సెక్షన్ కింద మినహాయింపు ఉంది గానీ అది వయసుకి సంబంధించింది కాదు. పాత నమూనా అయినా, పురాతన విలువ ఉన్నా, పాడైపోయినా సరే, రిపేరు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరానిదై ఉండాలి. ‘రిపేరు చేసినా’ అన్న ముక్కే ప్రాణం. తుప్పు పట్టింది, బోల్టు బిగుసుకుపోయింది, చెక్క చెదలు తినేసింది అంటే చాలదు. లీ ఎన్‌ఫీల్డ్ మొండి ఘటం. నూనె పోసి నాలుగు తట్లు తడితే పనిచేసే స్థితిలో ఉండేవే ఎక్కువ. పనికొస్తుందో లేదో తేల్చాల్సింది బాలిస్టిక్ నిపుణుడు, మీరూ నేనూ కాదు.

ఇప్పుడు అమెరికా. అక్కడి చట్టం ముఖ్యంగా అడిగేది ఎలా పేలుతుంది అని. 1934లో మెషిన్ గన్లన్నీ రిజిస్టర్ చేయించాలని, చేతులు మారితే 200 డాలర్ల పన్ను కట్టాలని చట్టం తెచ్చారు. ఆ రోజుల్లో థాంప్సన్ అనే చిన్న మెషిన్ గన్ ఖరీదే దాదాపు అంత. 1986 మే 19 తర్వాత తయారైన మెషిన్ గన్ మామూలు పౌరుడికి అసలు దక్కదు. అంతకుముందు రిజిస్టరైనవి మాత్రమే చేతులు మారుతుంటాయి, వాటి ధరలు పదివేల డాలర్లు ఎప్పుడో దాటేశాయి. కాబట్టి అమెరికాలో ఎవడైనా దుకాణానికెళ్లి సైన్యం వాడిన ఎం16 కొనుక్కుంటాడన్నది వట్టి మాట. బయట అమ్మేది దాని రూపంలో ఉన్న, ఒక్కో నొక్కుకి ఒక్క తూటా పేల్చే వేరే తుపాకీ.

జనం నిజంగా కొనుక్కునే సైనిక రైఫిల్ ఎం1 గారండ్. 1936లో అమెరికా సైన్యంలోకి వచ్చింది, ఎనిమిది తూటాల క్లిప్పు, సెమీ ఆటోమేటిక్. అక్కడ సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ అనే సంస్థ ఉంది. పౌరులకి రైఫిల్ షూటింగ్ నేర్పాలని 1903లో ప్రభుత్వం మొదలుపెట్టిన కార్యక్రమాన్ని 1996లో చట్టం చేసి విడి సంస్థగా మార్చారు. సైన్యం పక్కన పెట్టిన గారండ్‌లు ఆ సంస్థకి వస్తాయి, అది అర్హతలు చూసి అమ్ముతుంది. వాటిలో డెన్మార్క్, గ్రీస్, ఫిలిప్పీన్స్ సైన్యాలకి సాయంగా ఇచ్చి వెనక్కి తెచ్చుకున్నవి చాలా ఉన్నాయి. అప్పిచ్చిన వస్తువు సొంతదారుకే తిరిగి రావాలి కదా, అందుకే అవి వ్యాపారులకి కాక ప్రభుత్వం చేతికే వస్తాయి. దక్షిణ కొరియా తన దగ్గరున్న వాటిని నేరుగా అమెరికా వ్యాపారులకి అమ్ముదామని చూస్తే 2010లో అమెరికా ప్రభుత్వమే అడ్డుపడింది.

గారండ్ తర్వాత వచ్చిన ఎం14ని మాత్రం ఆ సంస్థ జనానికి అమ్మదు. చూడ్డానికి గారండ్‌కి తమ్ముడిలాగే ఉంటుంది, కానీ ఆటోమేటిక్‌గా పేల్చేలా తయారైంది. ఒకసారి మెషిన్ గన్‌గా పుట్టిన రిసీవర్ ఎప్పటికీ మెషిన్ గన్నే అన్నది అక్కడి అధికారుల పట్టు. మీట తీసేసినా, వెల్డింగ్ చేసి మూసేసినా పుట్టుక మారదు. రిసీవర్ అంటే బోల్టు, ట్రిగ్గర్ భాగాలు కూర్చునే నడిమి ఇనుప దిమ్మ. చట్టం దృష్టిలో తుపాకీ అంటే అదే, మిగతావన్నీ విడి భాగాలు. అందుకే విదేశీ ఆటోమేటిక్ రైఫిళ్లను రిసీవర్ మంటతో ముక్కలు కోసి, మిగతా భాగాల్లో కొన్నిటిని మాత్రం దిగుమతి చేసుకుంటారు.

అమెరికా కూడా ఎప్పుడూ తలుపులు బార్లా తెరిచి లేదు. 1963లో అధ్యక్షుడు కెనెడీని చంపిన రైఫిల్ ఇటలీ సైన్యం వదిలించుకున్న కార్కానో. టెలిస్కోపుతో కలిపి 19.95 డాలర్లకి పోస్టులో తెప్పించుకున్నది. ఆ తర్వాత ఇంకో రెండు పెద్ద హత్యలు జరిగి, 1968లో కొత్త చట్టం వచ్చి, పోస్టులో అమ్మకాలూ విదేశీ సైనిక సర్ప్లస్ (సైన్యాలు వదిలించుకున్న ఆయుధాల) దిగుమతులూ ఆగాయి. 1984లో సేకరణ విలువ ఉన్న పాతవాటికి దిగుమతి తలుపు మళ్లీ తెరిచారు. ఇషాపూర్‌లో మన కార్మికులు చేసిన .303లు, 2ఏ1లు అమెరికా సర్ప్లస్ మార్కెట్‌కి చేరి, అక్కడివాళ్ల ఇళ్లలో ఉన్నాయి. అశోక సింహాల ముద్ర ఉన్న రైఫిల్ని టెక్సాస్‌లో మనిషి నిశ్చింతగా శుభ్రం చేసుకుంటాడు, అదే రైఫిల్ మీ అటక మీద ఉంటే ఏడేళ్లు.

మిగతా దేశాల గురించి కొంచెం. బ్రిటన్లో 1987లో హంగర్‌ఫోర్డ్ కాల్పులు జరిగాక మరుసటి ఏడాది చట్టం చేసి సెంటర్‌ఫైర్ (తూటా అడుగు మధ్యలో దెబ్బ తగిలి పేలే రకం) సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లను తీసేశారు. మన త్రీ నాట్ త్రీ లాంటి బోల్ట్ యాక్షన్ రైఫిల్ మాత్రం సర్టిఫికెట్ మీద ఇప్పటికీ దొరుకుతుంది, దాంతో పోటీలు జరుగుతాయి. ఆస్ట్రేలియా 1996లో పోర్ట్ ఆర్థర్ సామూహిక కాల్పుల తర్వాత ఇదే బాట పట్టింది. ఎస్‌ఎల్‌ఆర్‌లు, ఎస్‌కేఎస్‌లు లాంటి సెమీ ఆటోమేటిక్ సైనిక రైఫిళ్లను ప్రభుత్వం డబ్బిచ్చి వెనక్కి తీసుకుంది, బోల్ట్ యాక్షన్ .303 మిగిలింది. న్యూజిలాండ్ 2019లో క్రైస్ట్‌చర్చ్ మసీదు కాల్పుల తర్వాత అదే. ఈ మూడు చోట్లా పెద్ద దారుణం జరిగిన ఏడాదిన్నర లోపే చట్టం మారింది, గీత సెమీ ఆటోమేటిక్ దగ్గర గీశారు.

జర్మనీ గీసిన గీత మాత్రం తేదీ మీద. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ నమూనా 1945 సెప్టెంబరు 2కి ముందు ఏదైనా సైన్యంలో చేరి ఉంటే అది యుద్ధాయుధాల జాబితాలోకి రాదు. జపాన్ లొంగుబాటు పత్రం మీద సంతకం చేసిన రోజది. గారండ్ ఆ గీతకి ఇవతల, ఎస్‌ఎల్‌ఆర్ అవతల. స్విట్జర్లాండ్‌లో సైనికుడు రైఫిల్ని ఇంటికే తెచ్చుకుంటాడు, సర్వీసు అయ్యాక అనుమతి తీసుకుని ఉంచుకోవచ్చు, ఆటోమేటిక్‌గా పేల్చే వీలు తీసేసి ఇస్తారు. తూటాలు ఇంటికిచ్చే పద్ధతి మాత్రం 2007లో ఆపేశారు.

మనకి బాగా దగ్గరగా ఉన్నది ఫ్రాన్స్. అక్కడా 1939 నుంచి సైనిక బోర్ అంటే కఠిన వర్గం. దాంతో వేటగాళ్లు జర్మన్ మాజర్ రైఫిళ్ల చాంబర్ మార్పించి 8×60 లాంటి వేరే తూటాలు వాడేవాళ్లు, మన .315 కథే. 2013 సెప్టెంబరులో కొత్త వర్గీకరణ అమల్లోకి వచ్చి, బోల్ట్ యాక్షన్ అయితే పాత సైనిక బోర్‌లోనైనా మామూలు వేట రైఫిళ్ల వర్గంలోకి చేర్చారు. తూటా ప్రశ్న వదిలేసి ఎలా పేలుతుంది అన్న ప్రశ్నకి మారారు. మన షెడ్యూల్‌ని 2016లో తిరగరాసినప్పుడు ఆ పని చేసే అవకాశం ఉండింది, చేయలేదు.

బాబాయిగారి సంగతి చూద్దాం. సర్వీసులో ఉన్నన్నాళ్లు జవాన్ చేతిలో ఉండే రైఫిల్ ప్రభుత్వ ఆస్తి. డ్యూటీ అవగానే కోత్‌లో (యూనిట్ ఆయుధాల గదిలో) జమ చేసి సంతకం పెట్టాల్సిందే, రిటైరయ్యేటప్పుడు ఇంటికి తెచ్చుకునే ప్రసక్తే లేదు. నాన్ సర్వీస్ ప్యాటర్న్ అనే ఆయుధాలు, అంటే సైన్యం ప్రామాణికంగా వాడనివి, ఆర్డినెన్స్ డిపో నుంచి అధికారులకి కేటాయించే పద్ధతి ఒకటుంది. రాజస్థాన్‌లో అలాంటివి బయటివాళ్ల చేతుల్లోకి వెళ్లాయని పెద్ద గొడవై సుప్రీంకోర్టు దాకా పోయింది. దానికీ మీ అటక మీద రైఫిల్‌కీ సంబంధం లేదు. మాజీ సైనికుడు మామూలు ఆయుధ లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, బోర్ విషయంలో ఆయనకీ మీకూ తేడా లేదు. ఆయన ఆర్మీవాడు కదా, ఆయన ఇంట్లో పెడదాం అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఒకరి నెత్తిన ఉన్న కేసు ఇద్దరి నెత్తిన పడుతుంది.

ఇక చేయాల్సినవి. ముందు ఆ ట్రంకు పెట్టె, పాత బీరువా, దస్తావేజుల సంచీ అన్నీ గాలించి లైసెన్సు పుస్తకం ఉందేమో చూడండి. పెదతాతగారి పేరు మీద లైసెన్సు ఉండి ఉంటే మీ పరిస్థితి చాలా మెరుగు. లైసెన్సుదారు చనిపోతే వారసులు ఆ ఆయుధం కోసం దరఖాస్తు చేసుకునే వీలు నియమాల్లో ఉంది. నిషిద్ధ బోర్ అయితే ఆ దరఖాస్తు కేంద్రం దాకా వెళ్లాలి, .315 అయితే జిల్లాలోనే తేలుతుంది. ఎలా వచ్చినా ఒక మనిషి దగ్గర రెండుకి మించి తుపాకులు ఉండకూడదని 2019 సవరణ చెప్పింది. అంతకుముందు మూడు ఉండేవి. వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోకే వస్తాయి.

లైసెన్సు పుస్తకం దొరికినా దొరకకపోయినా రైఫిల్ మాత్రం మీ ఇంట్లో ఉండకూడదు. స్థానికంగా క్రిమినల్ కేసులు చూసే లాయరుతో మాట్లాడి, స్టేషన్ హౌస్ ఆఫీసరు పేర ఒక దరఖాస్తు రాయించండి. ఎప్పుడు దొరికింది, ఎవరెవరు ఉన్నారు, పెట్టె ఎవరిది, తూటాలు కూడా ఉంటే ఎన్ని, అన్నీ ఉన్నది ఉన్నట్టు రాయండి. ఒక నకలు ఎస్పీ ఆఫీసుకో కమిషనర్ ఆఫీసుకో రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఆయుధం దగ్గర ఉంచుకునే హక్కు లేనివాళ్లు దాన్ని పోలీస్ స్టేషన్లో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ జమ చేయాలని 21వ సెక్షన్ చెప్తుంది. మీ కేసులో పాత కాగితం ఏదీ లేకపోతే డీలరు దగ్గరికి వెళ్లొద్దు, నేరుగా స్టేషనే మేలు.

కేసు పెడతారా అని అడుగుతారు. పెట్టరని నేను మాట ఇవ్వలేను. కానీ దొరికిన వెంటనే మీ అంతట మీరే రాతపూర్వకంగా చెప్పారన్నది ఏ కోర్టులోనైనా మీకున్న గట్టి బలం. ఇంకెవరో చెప్తే పోలీసులు ఇంటికొచ్చారన్నది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఈలోపు వాట్సాప్‌లో ఫోటోలు పంచుకోకండి, చుట్టాలకి చూపించకండి, నూనె రాసి మెరిపించకండి. చెరువులో పారేయమనే సలహా ఎవరో ఒకరు తప్పక ఇస్తారు, దాని మీద నంబరు ఉంటుందన్న సంగతి వాళ్లకి చెప్పండి. బైకు మీదో బస్సులోనో మీరే పట్టుకెళ్లి స్టేషన్లో ఇచ్చేద్దాం అనుకోవద్దు, దారిలో చెకింగ్ తగిలితే మీ వివరణ వినే ఓపిక ఎవరికీ ఉండదు. వాళ్లనే ఇంటికి వచ్చి పంచనామా రాసి తీసుకెళ్లమనండి.

తీసుకెళ్లేటప్పుడు రసీదు అడిగి తీసుకోండి. అందులో బోర్, తయారీ సంవత్సరం, బ్యారెల్ దగ్గర ఉన్న సీరియల్ నంబరు, బోల్టు పిడి వెనక నంబరు విడివిడిగా రాయించండి. పాత రైఫిళ్లలో ఆ రెండు నంబర్లు ఒక్కోసారి కలవవు, కలవకపోతే ఆ మాట కూడా రసీదులోనే ఉండాలి.